తలకిందులుగా వినిపించే సలహాలు

హోలోకాస్ట్ మీద కథ రాస్తున్నారా? నవ్వును నిర్బంధ శిబిరం గేటు దగ్గరే వదిలేయమని పెద్దలు చెబుతారు. వినకండి, లోపలికి తీసుకెళ్ళండి. ఇంటర్వెల్ దాకా హాస్యం, ఆ తర్వాత కన్నీళ్ళు అని పంచేస్తే రెండూ తేలిపోతాయి.

రోబెర్తో బెనీని 1997లో తీసిన ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’లో బ్యారక్ సీను మళ్ళీ చూడండి. జర్మన్ సైనికుడు నిబంధనలు అరుస్తుంటాడు. కొడుకుతో పాటు ఖైదీ అయిన గ్విడోకి జర్మన్ ముక్క రాదు. అయినా అనువదిస్తానని ముందుకొచ్చి, అదే కటువు గొంతుతో కొడుక్కి ఆట నియమాలు చెప్పేస్తాడు. వెయ్యి పాయింట్లు తెచ్చుకుంటే నిజమైన ట్యాంకు బహుమతి. ఏడ్చినా, అమ్మ కావాలన్నా, ఆకలేస్తోందని తిండి అడిగినా పాయింట్లు పోతాయి. అక్కడ ఏ పిల్లాడికైనా ముందు తన్నుకొచ్చేవి ఆ మూడే. మనం నవ్వుతూనే ఉంటాం, కానీ తోటి ఖైదీలకు అసలు నిబంధనలు చేరనే లేదు. జోకు రాసేటప్పుడు దాని ఖరీదు ఎవరు కడుతున్నారో ఇలా కనబడనివ్వండి.

పాత్రల చేత నిస్సంకోచంగా అబద్ధాలాడించండి. లోడ్జ్ ఘెట్టోలో పసితనం గడిపిన యూరెక్ బెకర్ నవల ఆధారంగా తూర్పు జర్మనీలో 1975లో వచ్చిన ‘జాకబ్ ద లయర్’లో, జాకబ్ తన దగ్గర ఉందని చెప్పుకున్న, నిజానికి లేని రేడియో ఘెట్టో జనాన్ని బతికిస్తుంది. ఆ రేడియో లేదని తెలిసిన మిత్రుడు ఉరేసుకుంటాడు. అయితే ఆ అబద్ధం పాత్రల మధ్యే ఉండాలి, ప్రేక్షకుడితో అబద్ధమాడకూడదు. అందుకే ఆ సినిమా చివర్లో శిబిరానికి తీసుకెళ్ళే రైలు వస్తుంది, అందరినీ ఎక్కించుకుపోతుంది.

చాప్లిన్ మాటను అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గకండి. శిబిరాల ఘోరం ముందే తెలిసుంటే ‘ద గ్రేట్ డిక్టేటర్’ (1940) తీయలేకపోయేవాడినని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. అది నియంతను వెక్కిరించే సినిమా. తన బిడ్డను కాపాడుకోవడానికి ఖైదీ వేసే వేషానికి ఆ మాట వర్తించదని నా నమ్మకం.

ఒక్కచోట మాత్రం నవ్వును నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. యూదు నటుడు, దర్శకుడు కుర్ట్ గెరాన్ చేత నాజీలు 1944లో నిర్బంధ శిబిరమైన తెరేజియెన్‌స్టాట్‌లో ఒక ప్రచార చిత్రం తీయించారు, ఖైదీలు హాయిగా ఉన్నారని లోకాన్ని నమ్మించడానికి. పని కాగానే ఆయన్ని ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు. మీ స్క్రిప్టులో ప్రతి నవ్వు పక్కనా అది ఎవరికి కావాలో పెన్సిలుతో రాసుకోండి. కాపలావాడికి పనికొచ్చేది ఒక్కటి కనబడినా ఆ సీను తీసేయండి, అది ఎంత బాగా పండినా సరే.