కమాను-షాకబ్జరు పొంతన శాస్త్రం

పెళ్ళికి నెలరోజులు జాతకాలు చూసే మనవాళ్ళు, పాత అంబాసిడర్ వెనక కొత్త కమాన్లు వేయించేటప్పుడు షాకబ్జర్ల జాతకం అడగరు. ఆ లోటు తీర్చడానికే ఈ శాస్త్రం.

అధికారి: 2014లో ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయినా బండి అమ్మనివాడు. ఇంట్లోవాళ్ళ పోరు పడలేక అమ్మేసినవాడు అనధికారి.

మొదటి సూత్రం: కమాను దాచును, షాకబ్జరు ఖర్చుపెట్టును.

వ్యాఖ్య: గోతిలో తిన్న దెబ్బను కమాను దాచుకుని అణాపైసలతో తిరిగిచ్చేస్తుంది. షాకబ్జరు ఆ ఊపుతో నూనెను సన్నని రంధ్రాల్లోంచి నెట్టించి వేడిగా మార్చేస్తుంది. గతుకుల రోడ్డు దాటాక ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉన్నది కాలం చేసిందని గ్రహించాలి.

రెండో సూత్రం: బిగువుకు వర్గమూలమే పట్టు.

వ్యాఖ్య: బరువు మారకుండా కమాను బిగువు 44 శాతం పెరిగితే షాకబ్జరు పట్టు 20 శాతం పెరగాలి. అదీ ముఖ్యంగా సాగేటప్పుడు. విడిచిన కమానుకు పగ్గం వేసేది అదే. పట్టీల మందం 10 శాతం పెంచితే బిగువు 33 శాతం పెరుగుతుంది గనక ‘కాస్త మందంగా వెయ్యి’ అనే మాట ఈ శాస్త్రంలో నిషిద్ధం.

పూర్వపక్షం: పట్టీల మధ్య రాపిడి ఊపును ఆపదా?

సమాధానం: ఆపుతుంది. తుప్పు పడితే ఎక్కువ, గ్రీజు పూస్తే తక్కువ. తుప్పును నమ్ముకుని కాపురం చేయలేం.

మూడో సూత్రం: పొడవు చూడక పొంతన లేదు.

వ్యాఖ్య: కొత్త కమాను బండి వెనక్కి రెండంగుళాల ఎత్తిచ్చిందా, పాత షాకబ్జరు నిలబడ్డచోటే ఆ మేరకు సాగిపోయి ఉంటుంది. చక్రం గోతిలోకి జారగానే పొడవు చాలక ‘ఠంగు’మంటుంది.

దృష్టాంతం: అన్నవరంలో పెళ్ళికి ఎనిమిదిమందిని ఎక్కించాలని కమానుకో పట్టీ అదనంగా వేయించి, పాత షాకబ్జర్లే ఉంచాను. వెళ్ళేటప్పుడు నిండుకుండ తొణకలేదు. వచ్చేటప్పుడు వెనక సీట్లో మావయ్య ఒక్కడే. స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆయన నడినెత్తి టాపుకి కొట్టుకుంది. “ఒరేయ్, కారెక్కించావా, గుర్రమెక్కించావా?” అన్నాడు.

ఫలశ్రుతి: డిక్కీని రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి కుదురుకుంటే పొంతన కుదిరినట్టే. మూడుసార్లు తలూపితే మావయ్యను ముందు సీట్లోకి మార్చండి. అక్కడున్నవి టార్షన్ బార్లు. వాటి శాస్త్రం వేరు.