లాగుల్లేని పెద్దమనుషులు

కిందటి నెల మా మేనల్లుడు విశాఖలో మా గోపాలపట్నం వచ్చి నా ఒళ్లో కేజీంబావు ల్యాప్‌టాప్ ఒకటి పెట్టాడు. క్రోమ్‌బుక్కట. బరువు తక్కువ, ధర తక్కువ, జ్ఞాపకశక్తి కూడా తక్కువే. రెండు పనులు చెబితే మొదటిది మరిచిపోతుంది. ఆ విషయంలో నాకూ దానికీ జోడీ బాగానే కుదిరింది.

"వీపీఎన్ పెట్టుకున్నావా మావయ్యా?" అన్నాడు. లేదన్నాను. మన నెట్‌ని ఇంకెవరి సర్వర్ మీదుగానో తిప్పి, మనం ఎక్కడికి వెళ్తున్నామో దారిలోవాళ్లకి కనపడకుండా చేసేదట అది. "వీపీఎన్ లేకుండా నెట్ వాడ్డమంటే లుంగీ లేకుండా వీధిలోకి వెళ్లడమే" అన్నాడు. నలభై ఏళ్లు సర్వీసు చేసినవాణ్ని, ఈ మాటకి భయపడకపోతే ఎలా?

యాప్ వేసుకుంటే ఒక్క నొక్కుతో పనైపోతుంది. కానీ అది అమాయకుల దారట. తెలిసినవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి చేత్తో పెట్టుకుంటారట. ఈ 'చేత్తో పెట్టుకోవడం' ఇప్పుడో దీక్ష. ఇదివరకు మెళ్లో మాలని బట్టి గుర్తుపట్టేవాళ్లం, ఇప్పుడు "నేను మాన్యువల్‌గా కాన్ఫిగర్ చేశానండీ" అన్న మాటని బట్టి గుర్తుపట్టాలి.

సరే, తెరిచాం. సర్వీసు పేరు, ప్రొవైడర్ రకం, సర్వర్ చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్. రేషన్ కార్డు దరఖాస్తులో ఉన్నన్ని గళ్లు లేవు గానీ, అర్థం కాకపోవడంలో దానికేం తీసిపోదు. మధ్యలో 'ప్రీ-షేర్డ్ కీ' అని ఒకటుంది. ముందుగా పంచుకున్న తాళంచెవి. ఎవరితో పంచుకున్నారు? లోకంతో. మావాడు ఎంచిన ఉచిత సేవ జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో మొదలుపెట్టిన వీపీఎన్ గేట్. అందులో యూజర్ నేమ్ 'వీపీఎన్', పాస్‌వర్డ్ 'వీపీఎన్', తాళంచెవి కూడా 'వీపీఎన్'. అవతలున్నది అసలు సర్వరేనని మన మిషన్ నమ్మడానికి పెట్టిన తాళంచెవి అది. ఊరందరికీ తెలిసిపోయాక, దారిలో కూర్చున్న ఎవడైనా 'నేనే సర్వర్ని' అనొచ్చు. సింహాచలం కొండ మీద చెప్పుల స్టాండులో అందరికీ ఒకే నంబరు టోకెన్ ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ విశ్వవిద్యాలయం వాళ్లని అనడానికి లేదు. సర్వర్లు ఎవరెవరో స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్లనీ, లాగులు ఉంచుతామనీ బాహాటంగానే చెప్తారు. లాగులంటే ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే చిట్టా. భయపడాల్సింది "మా దగ్గర లాగుల్లేవు" అని చాటుకునేవాళ్లని చూసి. మా చిన్నప్పుడు లాగు లేకుండా తిరిగితే వీపు పగిలేది, ఇప్పుడదే గొప్ప అర్హత. హాంగ్‌కాంగ్‌కి చెందిన యూఎఫ్ఓ వీపీఎన్ అలాగే చెప్పుకుంది. 2020 జులైలో చూస్తే ఏకంగా 894 జీబీ లాగులు దండెం మీద ఆరేసి ఉన్నాయి, పాస్‌వర్డులతో సహా, దారిన పోయేవాళ్లకి కనపడేలా. అంతకుముందు ఒనావో ప్రొటెక్ట్ అని ఇంకొకటుండేది. పేరులోనే రక్షణ. ఫేస్‌బుక్ 2013లో ఆ కంపెనీని కొని, జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో అందులోంచే చూసుకుంది. 2018లో యాపిల్ అభ్యంతరం చెబితే దాని కొట్లోంచి తీసేసింది. కాపలాకి పెట్టుకున్నవాడే వంటింట్లో డబ్బాలు లెక్కపెట్టుకున్నాడన్నమాట.

"ఉచితం అంతే మావయ్యా, డబ్బు కట్టేది తీసుకో" అన్నాడు మావాడు. తీసుకున్నాను. ఎవరికీ తెలియకుండా ఉండడానికి కట్టిన ఆ డబ్బు నా పేరుతో, నా ఫోన్ నంబరుతో, నా బ్యాంకు ఖాతాలోంచి యూపీఐలో వెళ్లింది.

మళ్లీ అవే గళ్లు, మళ్లీ అదే కుస్తీ. స్పీడు కోసం జాబితాలో 'ఇండియా' ఎంచమన్నాడు. ఇక్కడో కథ ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది: వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఐదేళ్లపాటు దాచి ఉంచాలని. దాంతో ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్ లాంటి పెద్ద కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. కొన్ని మాత్రం బోర్డు తీయలేదు. జాబితాలో ఇండియా అనే ఉంటుంది, మిషన్ ఉండేది సింగపూర్‌లోనో లండన్‌లోనో. అంటే గోపాలపట్నంలో కూర్చుని నేను భారతీయుణ్నని అనిపించుకోవడానికి సింగపూర్ వెళ్లి రావాలి.

ఇందులో మా ఊరివాళ్లకి వింతేమీ లేదు. హౌరా వైపు నుంచి చెన్నై వెళ్లే రైలు మా పక్కనుంచే విశాఖ స్టేషన్‌కి పోతుంది. అక్కడ ఇంజను ఆ కొసకి మార్చుకుని, మళ్లీ మా వైపే తిరిగొచ్చి దువ్వాడ దారి పడుతుంది. తేడా అల్లా, రైలువాడు దీన్ని 'ప్రైవసీ' అని అమ్మడు. ఇంకో ముచ్చట: సింహాచలం కొండ కిందున్న అడివివరం పేరు కూడా గూగుల్ డేటా సెంటర్ల ఊసులో వినపడుతోంది. ఐదేళ్లలో విశాఖలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించారు. లోకమంతా డేటాని విశాఖకి మోసుకొస్తానంటుంటే నేను నాది సింగపూర్‌కి మోస్తున్నాను, అదీ కేజీంబావు బండి మీద.

ఆఫీసు ఫైళ్లు ఇంటి నుంచి చూడ్డానికి కంపెనీలు పెట్టే వీపీఎన్ వేరు. అది అసలైన పని, దాని కోసమే ఇది పుట్టింది. నా గొడవ దాన్ని తాయెత్తులా అమ్మేవాళ్లతో. "బ్యాంకు పాస్‌వర్డు కొట్టేస్తారు" అని జడిపిస్తారు. బ్యాంకు సైటు ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే అందులో కొట్టినవి ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తాయి, మనకి నెట్ ఇచ్చే కేబులతను చదవలేడు. మహా అయితే ఏ సైటుకి వెళ్లామో చూస్తాడు. వీపీఎన్ పెట్టాక ఆ చూపు పోదు, చూసేవాడు మారతాడంతే. కేబులతను నెలనెలా డబ్బుకి గుమ్మంలోకి వస్తాడు, తేడా వస్తే నిలదీయొచ్చు. పనామాలో రిజిస్టరైన కంపెనీని నిలదీయాలంటే ఎన్ఏడీ జంక్షన్‌లో ఏ బస్సెక్కాలి?

సాయంత్రం మావాడూ నేనూ బట్టల కొట్టుకెళ్లాం. బిల్లు దగ్గర అమ్మాయి "నంబర్ చెప్పండి సార్" అంది. వెనకాల పదిమంది వింటుండగా మావాడు పది అంకెలూ గట్టిగా చదివాడు, పుట్టినరోజు డిస్కౌంటుందంటే తేదీ కూడా చెప్పాడు. పక్కనే జెరాక్స్ షాపులో వాడి ఆధార్ కార్డు పెన్ డ్రైవులోంచి తీసి ప్రింటిచ్చారు. ఫైలు ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదే ఉండిపోయింది, ఊళ్లో సగం మంది ఆధార్ల పక్కన. బయటికొచ్చి ఫోన్ చూసుకుని, "వీపీఎన్ ఆగిపోయింది మావయ్యా" అని కంగారుపడ్డాడు.

మొన్న ఒకటో తారీకున కేబులతను వచ్చాడు. డబ్బు లెక్కపెట్టుకుంటూ, "ఏటి మాస్టారూ, ఊరందరి లైన్లూ పదిచోట్లకి పోతన్నాయి, మీది వారం నించీ రాత్రీపగలూ ఒక్క సింగపూర్‌కే పోతంది. అక్కడ మీకెవరున్నారండీ?" అన్నాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.