తాళంకప్ప లెక్క

మా వాళ్లలో చాలామందిలాగే నేనూ అలీగఢ్‌లోనే పుట్టాను. బతుకంతా తలుపుకు వేలాడే తాళంకప్పను కాబట్టి ఇళ్ల కొరత మీద నాకో అభిప్రాయముంది. ఆడవాళ్ల విషయంలో కప్పు ఎంత అవసరమో, తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదీ అంతే ముఖ్యం. పట్టణాల్లో దాదాపు 1.88 కోట్ల ఇళ్లు తక్కువున్నాయని 2012లో కేంద్రం నియమించిన నిపుణుల బృందం తేల్చింది. ఆ కొరతలో నూటికి 95 వంతులు పేదలదీ, తక్కువ ఆదాయం వాళ్లదీ. అవే పట్టణాల్లో 2011 జనగణన నాటికి 1.1 కోట్ల ఇళ్లు మా కాపలాలో ఖాళీగా ఉన్నాయి. సొంత డబ్బుతో కట్టుకున్నది ఎవరికో ఎందుకివ్వాలని యజమానులు అడగొచ్చు. న్యాయమే. పైగా అవన్నీ తెరిచినా వాటి అద్దె ఈ పేదలు కట్టలేరు.

నాకు చోటే లేని కాపురాల్ని చూడండి. ఫ్లైఓవర్ కింద తలుపుండదు. బియ్యం డబ్బా, ఆధార్ కార్డు, పిల్లల పుస్తకాలు ఎవరో ఒకరు కాయాలి. తల్లి కూలికి పోతే ఆ పని పెద్దపిల్ల మీద పడుతుంది. అలాంటప్పుడు బడి పక్క వీధిలోనే ఉన్నా, ఫీజు లేకపోయినా ఆ పిల్లకు ఒరిగేదేమిటి? పగలంతా సామాన్ల కాపలా, రాత్రంతా పిల్లల కాపలా. తల్లికి కంటినిండా నిద్ర ఎప్పుడు? ఇలాంటి వాళ్ల కోసం పెద్ద నగరాల్లో లక్ష జనాభాకొక షెల్టరు ఉండాలనీ, అవి పగలూ రాత్రీ నడవాలనీ సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఆ 'పగలు' అన్నదాన్ని చాలామంది పట్టించుకోరు. మగపిల్లాడు కాస్త ఎదిగితే ఆడవాళ్ల షెల్టర్లో వాడికి చోటు దొరకడమూ కష్టమే. కొడుకును విడిచి లోపలికి వెళ్లలేని తల్లి రోడ్డు మీదే ఉండిపోతుంది.

2011లో దేశంలో ఇల్లులేని వాళ్లు 17.7 లక్షలు, వాళ్లలో మగవాళ్లే ఎక్కువ కదా అంటారు. ఆ లెక్క ఆరుబయట పడుకున్న వాళ్లది. దెబ్బలు తిన్న ఆడది వీధికి భయపడి అన్న ఇంటి వసారాలో తలదాచుకుంటుంది, లేదా కొట్టినవాడి గుమ్మమే మళ్లీ తొక్కుతుంది. ఆమె ఏ లెక్కలోకీ రాదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం ఆమెకిచ్చింది. అత్తమామల సొంతిల్లయినా సరేనని 2020లో సుప్రీంకోర్టు అంది. కానీ మొగుడు తాళం మార్చడానికి అయిదు నిమిషాలు చాలు, కోర్టు ఉత్తర్వుకు చాలవు. ఇక పట్టాలు ఆడవాళ్ల పేరనే ఇస్తున్నాంగా అంటే, అది మంచి పనే. అయితే పట్టా ట్రంకుపెట్టెలోనూ, తాళంచెవి మొగుడి మొలతాడుకూ ఉంటే దానివల్ల రాత్రికి రాత్రి ఒరిగేది కొంతే. తాళంచెవి చేతికొచ్చేదాకా ఆమెకు దిక్కు షెల్టరే. అందుకే వాటిని తనిఖీ చేసే అధికారులు మంచాలతోపాటు తాళం వేసుకునే అల్మరాలు ఎన్నున్నాయో, తల్లీ కొడుకులు కలిసి ఉండే గదులు ఎన్నున్నాయో కూడా రాయాలంటాను.