మా కన్నీళ్లు మాకు వదిలేయండి

ఇప్పుడు కథ మొదలుకాకముందే ఏడవమంటున్నారు. ఫోన్ తెరిస్తే పైనే రాసుంటుంది, చూస్తే కన్నీళ్లు ఆగవని, గుండె తరుక్కుపోతుందని. లోపలికి పోతే వెనకాల వయొలిన్. చెప్పేవాడి గొంతు మొదటి మాటకే వణుకుతుంది. ఎవరికి ఏమైందో మనకింకా తెలియదు, అప్పటికే ఆయన ఏడ్చేశాడు. ఇక వినేవాడికి మిగిలిందేమిటి?

మా రోజుల్లో ఇట్లా లేదు. మా ఆలూరు వైపు, చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్లల్లో చదివేవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఎక్కువ. ఒగ్గు కథ వాళ్లు వచ్చి మల్లన్న కథో బీరప్ప కథో ఎత్తుకుంటే తెల్లారేదాకా జనం కదిలేవాళ్లు కాదు. డోలు, నపీర, తాళాలతో వాడంతా దద్దరిల్లేది. కష్టం వచ్చే ఘట్టం దగ్గర కథ చెప్పే పెద్దాయన ఏం చేసేవాడో నేను ముందు వరసలో కూర్చుని చూసినవాణ్ని. చెయ్యెత్తి డోలు ఆపించేవాడు. పాట కూడా ఆపేసేవాడు. అంత మోతలో నుంచి ఒక్కసారిగా నిశ్శబ్దం. అప్పుడు గొంతు తగ్గించి, మామూలు మాటల్లో, జరిగింది జరిగినట్టు రెండు ముక్కలు చెప్పేవాడు. అంతే, ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ముక్కులు చీదుతున్న చప్పుడు వినిపించేది. ‘ఎంత ఘోరం జరిగిపోయిందో’ అని ఆయన ఏనాడూ అనలేదు. అది అనుకోవడం మా పని. కళ్లు తుడుచుకుంటుండగానే పక్క కథకుడు ఏదో నవ్వుల మాట విసిరేవాడు, తడి కళ్లతోనే నవ్వేవాళ్లం. ఎంతసేపు ఏడిపించాలో, ఎక్కడ ఊపిరి తీసుకోనివ్వాలో వాళ్లకు తెలుసు.

ఆ కథ చెప్పే పెద్దాయన అలంకారశాస్త్రం చదివి ఉండడు. చదివినవాళ్లు చెప్పిందీ అదే. కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలు చెబుతూ, రసాన్ని దాని పేరుతోనే చెప్పేయడాన్ని దోషం కింద లెక్కగట్టాడు. శోకం కలిగించాలంటే శోకమని రాస్తే రాదు. దానికి కారణమేమిటో చూపించాలి, ఆ మనిషి ఏం చేశాడో చూపించాలి, మిగతాది చదివేవాడి లోపల జరగాలి. ఇంకో దోషం కూడా చెప్పాడు. పండిన రసాన్ని మళ్లీ మళ్లీ రగిలించకూడదు. దానికి ఉదాహరణగా చూపింది మామూలు కవిని కాదు, కాళిదాసును. కుమారసంభవంలో మన్మథుడు బూడిదయ్యాక రతీదేవి విలాపం శ్రుతి మించిందన్నాడు. కాళిదాసంతవాడికే ఆ మాట తప్పలేదు. ఇవాళ టీవీ సీరియల్లో ఒకే ఏడుపును మూడు పక్కల నుంచి మూడుసార్లు తిప్పి చూపిస్తున్నారు. చూసి చూసి జనానికి కన్నీళ్లు రావడం మానేసి చేతులు రిమోట్ మీదికి పోతున్నాయి. నాకు దిగులంతా దాని గురించే. ఉత్తుత్తి ఏడుపులకు అలవాటుపడిన గుండె అసలు కష్టం వచ్చిన రోజున కదలదు.

చాసో రాసిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ నేను కుర్రతనంలో చదివాను. చదువు ఆగిపోయిన పిల్లవాణ్ని తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. దారిలో బడి. తనతో చదువుకున్న పిల్లలు లోపల, తాను బయట. విజయనగరంలో కూర్చుని ఆ కథ రాసినాయన పేదరికం మీద ఉపన్యాసం ఇవ్వడు, పిల్లవాడి మీద జాలిపడమని అడగడు. వాణ్ని ఆ బడి ముందు నిలబెట్టి తను తప్పుకుంటాడు. ఊళ్లో బడి మానేసి పశువుల వెంట పోయిన నా ఈడు పిల్లలు ఎంతమందో ఆ రోజు నాకు గుర్తుకొచ్చారు. వాళ్లను కథలోకి తెచ్చింది చాసో కాదు, నేను. చదివేవాడికి అంత చోటు వదిలిపెట్టాడాయన.

మన తెలంగాణ కథలో దీనికి సాటి ఏదంటే నేను పి.వి. నరసింహారావు ‘గొల్ల రామవ్వ’ పేరు చెబుతాను. ప్రధానమంత్రి కావడానికి నాలుగు దశాబ్దాల ముందు, 1949లో, కాకతీయ పత్రికలో వచ్చింది. నిజాం పోలీసులు వెంటాడుతున్న ఒక యువకుడు రాత్రిపూట ముసలమ్మ గుడిసెలో దూరతాడు. ఆమెకు తోడున్నది మనవరాలొక్కతే. పోలీసులు వస్తే వాణ్ని మనవరాలి మొగుడని నమ్మించి బతికిస్తుంది. ఆ ముసలమ్మ వీరనారి అని రచయిత మనకు పరిచయం చేయడు. వయసొచ్చిన పిల్ల పరువును పణంగా పెట్టేటప్పుడు ఆ ముసలి మనసులో ఏం జరిగిందో మనమే ఊహించుకోవాలి. ఊహించుకుంటాం గనకే ఊపిరి బిగబడుతుంది.

అట్లాగని మా రోజుల్లో రాసినవాళ్లంతా జాగ్రత్తగా రాశారని అనను. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి నవల ‘తులసిదళం’ వస్తున్నప్పుడు తర్వాతి సంచిక కోసం జనం ఎట్లా ఎదురుచూశారో ఆ తరానికి తెలుసు. భయం పుట్టించడంలో ఆయనది గట్టి చెయ్యి. కానీ బాణామతి చేశారని మనిషిని చెట్టుకు కట్టేసి కొట్టే పల్లెలున్న జిల్లాల్లో చేతబడి భయాన్ని అంత బలంగా రాయొచ్చా అని అప్పుడే అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. మనసును కదిలించే శక్తి ఉన్నవాడు అది ఎటు కదులుతుందో కూడా చూసుకోవాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఊరి సంగతి ఉంది. 2024 డిసెంబరు 2న మా ఆలూరు స్టేజి దగ్గర, బీజాపూర్ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి ఫోన్లలో వచ్చిన రాతలన్నీ చదివాను. మృత్యుశకటం, రక్తసిక్తం, హాహాకారాలు. ఏ ఊరి ప్రమాదానికైనా అతికే మాటలు. పోయినవాళ్లు ఆ ఎండలో, ఆ దుమ్ములో ఎందుకు కూర్చున్నారో ఒక్క ముక్క లేదు. నేను చెబుతాను. పాలకూర, తోటకూర కట్టలు కట్టుకుని, తడి గోనె కప్పి తెచ్చేవాళ్లకు రోడ్డుకు ఎంత దగ్గర కూర్చుంటే అంత గిరాకీ. నాలుగడుగులు వెనక్కి జరిగితే కారు ఆగదు. కారు ఆగకపోతే పొద్దుగూకేసరికి ఆకుకూర వాడిపోతుంది. అందుకని తారు అంచుదాకా జరిగి కూర్చుంటారు. ఇది రాస్తే చాలు, హాహాకారాలు అక్కర్లేదు.

ఆ రోడ్డుదే ఇంకో సంగతి. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, పొడవునా తొమ్మిది వందల దాకా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తే చెట్లు పోతాయని సిటీ నుంచి వచ్చినవాళ్లు రాశారు. ఊడలు, నీడ, పిట్టలు, తాతల కాలం. చదివినవాళ్ల కళ్లు చెమర్చాయి. 2025 నవంబరు 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది. కంకర కింద మనుషులు కూరుకుపోయారు. మర్నాటి నుంచి రాతలు తిరగబడ్డాయి. నిన్నటి మర్రిచెట్లే ఇవాళ రోడ్డు వెడల్పుకు అడ్డుపడి ప్రాణాలు తీసే చెట్లయ్యాయి. చదివే జనం అటు లాగితే అటు, ఇటు లాగితే ఇటు. చెట్టు నీడా నిజమే, చావులూ నిజమే. రెండూ ఒకే కాగితం మీద పెట్టి, ఇదిగో చూడండి అన్నవాళ్లు నాకు కనబడలేదు. పెడితే చదివేవాడు తికమకపడతాడు. పడనీయండి. మేం ఈ రోడ్డు మీద ఏళ్ల తరబడి ఆ తికమకతోనే తిరుగుతున్నాం.

నా మనవడు ఇట్లాంటి ఫోన్ వార్తలకే రాస్తాడు. వాడితో ఈ మాటే అంటే, ‘అట్ల రాయకపోతే ఎవరు చూస్తలేరు తాతా. రెండు నిమిషాలు గూడ ఆగరు’ అన్నాడు.

‘ఒగ్గు కథకు తెల్లారేదాకా ఎట్ల కూసున్నర్రా మరి?’ అన్నాను.

వాడు ఏమీ అనలేదు. కాసేపాగి, ‘సరే, మన స్టేజి గురించి నేనే రాస్త. ఏం రాయమంటవ్?’ అని అడిగాడు. ముందు ఏమీ రాయొద్దన్నాను. స్టేజి దగ్గరికి పోయి ఒక పూట వాళ్ల పక్కన కూర్చోమన్నాను. కొత్తిమీర కట్ట ఎంతకు అడుగుతున్నారో, ఎంతకు ఇస్తున్నారో చూడు. బండి ఆగితే ఎవరు ముందు లేస్తారో చూడు. ఆదివారం పో, అనంతగిరి కొండలకు పోయే సిటీ కార్లన్నీ ఆ రోజే వస్తాయి.