బావసందేశం: సటీకా తాత్పర్యం

మూలం

“మిల్టన్ గురించి ఎవరూ కంగారు పడకండి. గీత మనకి కిందగా ఉంది. యూరోపియన్ మోడల్ చూసి రేపు చెప్తా. అయినా ప్రకృతి మన చేతుల్లో ఉందా? చూద్దాం.”

అవతారిక

సకల వాతావరణ ఛానళ్ళ సారమెరిగినవారూ, కుటుంబ వాట్సాప్ గ్రూపుకు అడ్మినూ, మా ఆవిడకు అన్నగారూ అయిన మా బావగారు 2024 అక్టోబర్ 6 ఆదివారం రాత్రి, అట్లాంటాకు ఉత్తరాన తమ స్వగృహంలో సోఫా మీద ఆసీనులై, పై గ్రంథాన్ని అనుగ్రహించారు. సందర్భమేమంటే, కొలంబస్ డే సెలవు కలిసొచ్చింది, దసరా శనివారం పడింది. గురువారం తెల్లవారుజామున మూడు కుటుంబాలు రెండు వ్యాన్లలో ఐ-75 పట్టుకుని ఓర్లాండో పోవాలి. కిస్సిమ్మీలో అద్దెకు తీసుకున్న ఇంట్లో దిగి, పిల్లలకు డిస్నీ చూపించి, ఆఖరి రోజు క్లియర్‌వాటర్ బీచిలో కాళ్ళు తడుపుకుని రావాలి. ఇంతలో గల్ఫ్‌లో తుఫాను పుట్టింది. వెళ్దామా మానుదామా అని మా ఆవిడ గ్రూపులో అడిగింది. జవాబుగా వెలువడినది ఈ గ్రంథం.

గ్రంథం చిన్నదే గాని అర్థం గహనం. వెళ్దామనీ లేదు, మానుదామనీ లేదు. సరైన టీక లేక మా ఇంట్లో సూట్‌కేసులు బుధవారం దాకా హాల్లో నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. పూర్వకవుల కావ్యాలకు ఎవరో ఒకరు వ్యాఖ్య రాస్తూనే ఉంటారు. బావల కావ్యాలను పట్టించుకునే నాథుడు లేడు. అందుకే ఈ సాహసం.

టీక

మిల్టన్: స్వర్గం ఎలా చేజారిందో పెద్ద కావ్యం రాసిన ఆంగ్లకవి ఇతడు కాడు. తుఫానుకూ అతడికీ పేరు కలవడం కాకతాళీయం. ఎవరూ, కంగారు, పడకండి: మూడూ సుగమం.

గీత: భగవద్గీత కాదు. అయినా బావగారు దీనికిచ్చే ప్రామాణ్యం దానికి తీసిపోదు. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రంవారు తుఫాను కన్ను రాబోయే రోజుల్లో ఎక్కడుండవచ్చో చెప్పడానికి గరాటులాంటి బొమ్మ ఒకటి వేస్తారు. దాన్నే కోన్ అంటారు. గడిచిన ఐదేళ్ళలో తమ అంచనాలు ఎంతెంత దూరం తప్పాయో లెక్కగట్టి, ఆ తప్పుల్లో మూడింట రెండు వంతులు ఇమిడేటంత వృత్తాలు గీసి, వాటిని కలిపితే వచ్చే ఆకారమది. అంటే మూడింట ఒక వంతు సార్లు కన్ను ఆ హద్దు దాటి పోవచ్చునని వాళ్ళే చెబుతున్నారన్నమాట. తమ తప్పులను తామే కొలిచి బొమ్మ గీసి ఊరందరికీ చూపించే శాస్త్రకారులు అరుదు. ఆ వినయానికి నేను దణ్ణం పెడతాను. పైగా ఆ బొమ్మ చెప్పేది కన్ను సంగతి ఒక్కటే. వానా గాలీ ఎంత దూరం పోతాయన్నదానికీ దాని వెడల్పుకూ సంబంధం లేదని వాళ్ళు ఏటా మొత్తుకుంటారు. 2022లో ఇయన్ తుఫాను వచ్చినప్పుడు జనం చూపంతా టాంపా మీద ఉంది. అది సెప్టెంబర్ 28న అక్కడికి బాగా దక్షిణాన, ఫోర్ట్ మైయర్స్ దగ్గరి కేయో కోస్టా దీవిలో ఒడ్డెక్కింది. బొమ్మ అంచున ఉన్నాం కదా అనుకున్న ఊళ్ళు మునిగాయి.

బావగారు బొమ్మను వదిలేసి దాని నడిమధ్య సన్నని గీతను పట్టుకున్నారు. అది ఓర్లాండోకి వేలెడు కిందగా ఉందట. వేలు ఎవరిది, ఫోను ఎవరిది, ఎంత పెద్దది చేసి చూశారు అన్న వివరాలకు మూలంలో ఆధారం లేదు.

యూరోపియన్ మోడల్ చూసి: ఇది ప్రమాణ విచారం. అమెరికాలో ఇల్లు కొన్నారు, అమెరికా పాస్‌పోర్టు పుచ్చుకున్నారు, అమెరికా మోడల్ మీద మాత్రం బావగారికి నమ్మకం లేదు. తుఫాను విషయంలో యూరప్ చెప్పిందే వేదం. అయినా పరమత సహనం ఉన్నవారు గనక మయామీవారి ప్రకటనలను కూడా విడిచిపెట్టరు. అవి పొద్దున ఐదుకూ పదకొండుకూ, సాయంత్రం ఐదుకూ రాత్రి పదకొండుకూ వస్తాయి. పుట్టి బుద్ధెరిగి ఒక్క సంధ్య వార్చని మనిషి ఈ నాలుగు సంధ్యలూ తప్పలేదు.

ఈ దీక్షకు శాస్త్రంలో ఆధారం ఉంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘాలకు గర్భం కట్టే లక్షణాలు చెప్పాడు. గర్భం నిలిచిన 195 రోజులకు వాన రూపంలో ప్రసవం. ఆ లక్షణాలను రాత్రింబవళ్ళు ఏమరకుండా గమనించే దైవజ్ఞుడి మాట మునివాక్కులా తప్పదని కూడా అన్నాడు. ఇందులో రెండు అంగాలున్నాయి: రాత్రింబవళ్ళు గమనించడం ఒకటి, ఆ తరవాత ఒక మాట చెప్పడం రెండోది. బావగారు మొదటిదాన్ని నిష్ఠగా నెరవేర్చారు.

మేఘమనగానే నా మనసు మేఘదూతంలోని రామగిరికి పోతుంది. పోనివ్వండి, దానికి ఉన్న సరదా అదొక్కటే. లోకంలో మొదటి రోడ్ ట్రిప్ ప్లాను వేసినవాడు కాళిదాసు యక్షుడని నా అభిప్రాయం. ఉద్యోగంలో ఏమరుపాటు చేసి కుబేరుడి చేత శాపం తిని ఏడాదిపాటు ఇల్లొదిలినవాడు, ఎనిమిది నెలలు గడిచాక కొండ కొమ్మున ఒక మేఘాన్ని చూసి, పూలిచ్చి మర్యాద చేసి, ముందు దారి చెబుతాను విను, సందేశం తరవాత, అంటాడు. ఎంత పద్ధతైన మనిషో చూడండి. అక్కణ్ణించి ఆమ్రకూటం, వింధ్య పాదాన రేవానది, విదిశ, వేత్రవతి. ఎక్కడ అలసట తీర్చుకోవాలో, ఎక్కడ నీళ్ళు తాగి బలం పుంజుకోవాలో అన్నీ ముందే చెప్పాడు. విదిశ దాటాక ఉజ్జయిని. అది తిన్నని దారిలో లేదు, చుట్టు తిరగాలి. అయినా సరే చూసి పొమ్మంటాడు. పిల్లలు గొడవ పెట్టకుండానే చుట్టుదారి ఒప్పుకున్న పెద్దమనిషి నాకు తెలిసినంతలో వాడొక్కడే. ఆ తరవాత దశపురం, కురుక్షేత్రం, కనఖలం, కైలాసం, అలక. సగం భరతఖండం తిప్పి ఇంటి గుమ్మం గుర్తులు కూడా చెప్పాడు.

ఆ కావ్యానికి సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథుడు మనవాడు, మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకున్న మహానుభావుడు. (ఆ ఒట్టు నాకు లేదని ఈపాటికి పాఠకులు గ్రహించే ఉంటారు.) యక్షుడు మేఘాన్ని చూసింది ఆషాఢం మొదటి రోజా, చివరి రోజా అన్నచోట పాఠభేదం ఉంది. కాశ్మీరపు వల్లభదేవుడిది చివరి రోజు పక్షం. మల్లినాథుడు మొదటి రోజని నిలబడి, శ్రావణం ఎంత దగ్గరుండాలి, విష్ణువు శయనం విడిచే ఏకాదశికి నాలుగు నెలల లెక్క ఎలా సరిపడుతుంది అని కూడికలూ తీసివేతలూ చేసి ఎదుటిపక్షాన్ని కొట్టేశాడు. అది ఒక తేదీ కోసం పండితులు తరాల తరబడి పడ్డ పాటు. ఎవరిది ఒప్పైతేనేం, ఇద్దరూ ఏదో ఒక రోజు మీద నిలబడ్డారు!

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. అంతా విన్న మేఘం ఉలకదు, పలకదు. యక్షుడు ఆ మౌనాన్నే అంగీకారంగా పుచ్చుకున్నాడు. గ్రూపులో నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనని బావగారు వాదించేది ఈ సంప్రదాయాన్ని అనుసరించే. కాకపోతే ఒక్క తేడా. మేఘదూతంలో మబ్బే ప్రయాణికుడు. మబ్బే బయల్దేరినచోట వానొస్తుందేమో, మానుకుందామా అన్న ప్రశ్న పుట్టదు. కాళిదాసు గడుసువాడు.

ప్రకృతమనుసరామః. ఎక్కడున్నాం?

రేపు చెప్తా: రేపనగా సోమవారం. ఆ సోమవారమే మిల్టన్ ఐదో కేటగిరీకి ఎగబాకింది, గంటకు 180 మైళ్ళ గాలి. దానికి బావగారి భాష్యం: “వేడి నీళ్ళ మీద ఉంది కాబట్టి అలా ఉంది, ఒడ్డు చేరేలోపు తగ్గుతుంది.” తగ్గింది కూడా. బుధవారం రాత్రి సియెస్టా కీ దగ్గర ఒడ్డెక్కేసరికి మూడో కేటగిరీ. బావగారితో వచ్చిన చిక్కే ఇది. ఆయన చెప్పేవన్నీ నిజాలే. మనం అడిగినదానికి మాత్రం అవి జవాబులు కావు. కిస్సిమ్మీ ఇంటి యజమాని మంగళవారం మధ్యాహ్నం లోపు రద్దు చేసుకుంటే సగం సొమ్ము తిరిగి ఇస్తానన్నాడు. మంగళవారం మధ్యాహ్నానికి ‘రేపు’ ఇంకా నడుస్తూనే ఉంది. పాఠాంతరాలు: మంగళవారం ప్రతిలో ‘రేపు’ బదులు ‘సాయంత్రం’ అనీ, బుధవారం ప్రతిలో ‘ఇంకో రెండు రన్స్ రానీ’ అనీ కనిపిస్తున్నది.

అయినా ప్రకృతి మన చేతుల్లో ఉందా: అర్థాంతరన్యాసాలంకారం. విశేష విషయాన్ని సామాన్య సత్యంతో సమర్థించడం దీని లక్షణం. ఇక్కడ సామాన్య సత్యం ఉన్నది గాని, అది సమర్థించవలసిన విశేషం కనబడదు. తుఫాను మన చేతుల్లో లేదు, ఒప్పుకున్నాం. రద్దు చేసే బటన్ మాత్రం బావగారి చేతుల్లోనే ఉంది. ఇల్లు తీసుకున్నది ఆయన పేరు మీద, ఆయన ఫోన్లో. బొటనవేలు అరంగుళం జరపడానికి వేదాంతం దేనికి?

ఇక్కడ పూర్వపక్షాలు కొన్ని ఉన్నాయి. పిల్లలు ఏడుస్తారు: వాళ్ళు రెండు గంటలు ఏడ్చి ఐప్యాడ్ తీసుకుంటారు. డబ్బు పోతుంది: అది ముందే చెప్పాను. మూడోది బలమైనది. అమ్మ వచ్చింది, ఆరు నెలలకి మళ్ళీ వెళ్ళిపోతుంది, డిస్నీ ఎప్పుడు చూస్తుంది? అమ్మ అనగా మా అత్తగారు. ఆవిడను అడిగినవాడు లేడు. ఆవిడ మా వంటింట్లో చింతపండు ఉండ చేత్తో పట్టుకుని నిలబడి, దారిలోకి పులిహోర కలపాలా వద్దా, కలపాలంటే ఇప్పుడే నానబెట్టాలి, అని మా ఆవిడను అడుగుతోంది. ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ పక్కన. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన ఆవిడ కళ్ళారా చూసింది. టీవీ వంక ఒక్కసారి చూసి అంది: “గాలికి మాకు కప్పు లేచిపోయిందే. మనుషులు పోయింది నీళ్ళకి. ఆ బీచి దగ్గర నీళ్ళెంత లేస్తాయంటున్నారో అది చెప్పమను మీ అన్నయ్యని.” టాంపా తీరానికి పదడుగులు దాటే ఉప్పెన రావచ్చని కేంద్రంవారు అప్పటికే చెబుతున్నారు. బావగారి గ్రంథంలో నీటి ప్రస్తావన లేదు. కేటగిరీ అనే అంకె కూడా గాలి వేగం ఒక్కదాన్ని పట్టి వేసేదే.

బావగారి సిద్ధాంతం మంగళవారం సాయంత్రం వెలువడింది, దాన్ని మాత్రం నేను హాస్యానికి పనికిరాదనుకుంటున్నాను. “అందరూ పైకి వస్తున్నారు. కిందికి వెళ్ళే లేన్లు ఖాళీ. హాయిగా పోవచ్చు.” నిజమే, ఖాళీగానే ఉన్నాయి. ఎదురుగా ఐ-75 మీద టాంపా వదిలి వచ్చేవాళ్ళ కార్లు మైళ్ళ తరబడి నిలబడి ఉన్నాయి. రోడ్డు అంచు లేను కూడా వాళ్ళకు తెరవాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో చాలా బంకుల్లో పెట్రోలు అయిపోయింది. దారిలో మనం ఆగుదామనుకున్న వాల్డోస్టా అంతకు రెండు వారాల ముందే హెలీన్ తుఫాను దెబ్బ తిన్నది. ఇళ్ళొదిలి వస్తున్నవాళ్ళకు కావలసిన పెట్రోలు మనం పోయించుకుని, మిక్కీ మౌస్‌ను చూడ్డానికి ఎదురెళ్ళడం ఎలాంటి పని? అలంకారశాస్త్రంలో దీనికి పేరు లేదు. మా పల్లెలో ఉంది, రాయను.

గురువారం దక్షిణ దిక్కుకు వారశూల అని కూడా మనవి. పంచాంగం నమ్మమని కాదు. ‘వద్దు’ అన్న మాట నోటితో అనడం మన ఇళ్ళలో ఎవరికీ ఇష్టముండదు. అన్నవాడు పిరికివాడు, పిసినారి, పిల్లల శత్రువు. పెద్దలకు ఇది తెలుసు. అందుకే ఆ మాట అనే బాధ్యతను వారానికీ, వర్జ్యానికీ, గుమ్మంలో తుమ్మినవాడికీ అప్పగించారు. గంటలో పని తేలిపోయేది, ఎవరికీ మాట పడేది కాదు. మనం శూలను కొట్టిపారేసి ఆ బాధ్యతను యూరప్‌కు అప్పగించాం. యూరప్ ఆరు గంటలకోసారి మనసు మార్చుకుంటుంది.

చూద్దాం: ఉత్తమపురుష బహువచనం. కర్త మనము. చూసేది ఆయన, సర్దేది మా ఆవిడ, నానబెట్టేది అత్తగారు.

తాత్పర్యం: ఏమీ లేదు.

గురువారం డిస్నీ మూసేశారు. మేము వెళ్ళలేదు, మానుకున్నామని కూడా ఎవరూ అనలేదు. తుఫాను కన్ను ఒడ్డు తాకకముందే, ఏ గీతకూ అందని రెండో తీరాన, సెయింట్ లూసీ కౌంటీలో సుడిగాలులు పుట్టి ప్రాణాలు తీశాయి. కన్ను మాత్రం ఓర్లాండోకి దక్షిణంగానే పోయింది. బావగారు ఆ మ్యాపు పెట్టి, “చెప్పానా, గీత కిందగానే పోయింది” అని రాశారు. దాని కింద ఇంటి అద్దె లెక్క, మూడు కుటుంబాలకు సమానంగా పంచి. నా వాటా అదే రాత్రి పంపేశాను. వ్యాఖ్యాతకు దక్షిణ ఇచ్చే ఆచారం విన్నాను గాని, వ్యాఖ్యాత దగ్గర వసూలు చేసే ఆచారం ఏ సంప్రదాయంలోదో బావగారే చెప్పాలి. రేపు చెప్తానన్నారు.