రైలొచ్చింది, పని కాలేదు

కొండపాక మండలం దుద్దెడకు రైలొచ్చింది. నవ్వకండి, నిజంగానే వచ్చింది.

2016 ఆగస్టు 7న గజ్వేల్ పక్కన కోమటిబండలో ప్రధాని మనోహరాబాద్-కొత్తపల్లి లైనుకు శంకుస్థాపన చేశారు. 2023 అక్టోబరు 3న అదే ప్రధాని నిజామాబాద్‌లో నిలబడి జెండా ఊపితే సిద్దిపేటలో బండి కదిలింది. రెండు నెలలు తిరగకముందే అసెంబ్లీ ఎన్నికలు. బండి ఏడేళ్లు ఆలస్యమైతేనేం, జెండా మాత్రం రైట్ టైమ్! భూమిచ్చింది మేమని ఒకరు, పట్టాలేసింది మేమని ఒకరు. ఎక్కేది ఎవరన్న లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ లెక్క టైంటేబుల్లో ఉంది. సిద్దిపేట కలెక్టరేట్ 2021 నుంచీ దుద్దెడ శివారులోనే ఉంది. అక్కడికే స్టేషన్! ఇంతకంటే భాగ్యమా? గజ్వేల్ రైతు పాసుబుక్కు సంచిలో పెట్టుకుని రైలెక్కాడనుకోండి. బండి మొదలైననాటి వేళల ప్రకారం పొద్దున 10:35కు సికింద్రాబాద్‌లో బయల్దేరి 1:45కు సిద్దిపేట చేరాలి. అంటే మనవాడు దుద్దెడలో దిగేసరికి ఆఫీసులో టిఫిన్ డబ్బాలు తెరుస్తుంటారు. సార్లు చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చునేలోపు, 2:05కు సిద్దిపేటలో కదిలిన బండి దుద్దెడకు తిరిగొస్తుంది. అది తప్పితే గజ్వేల్ వైపు మళ్లీ రైలు మర్నాడు పొద్దున్నే. దరఖాస్తు ఇవ్వాలా, ఇల్లు చేరాలా? రెండూ కావాలంటే రాజీవ్ రహదారి మీద బస్సుకు చెయ్యెత్తాల్సిందే.

పోనీ, పట్నంలో కొలువు చేసేవాళ్ల గతి? ఆ మొదటి వేళల ప్రకారమే సిద్దిపేటలో పొద్దున 6:45కు బయల్దేరితే సికింద్రాబాద్ చేరేది 10:15కు. అక్కడి నుంచి గచ్చిబౌలి చేరేసరికి ఆ పూట జీతం కోతే. బస్సు చార్జీలో సగం కూడా లేని టికెట్టు, మూడున్నర గంటల ప్రయాణం. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదంటే ఇదే.

వేళలు రాసే సార్లకు ఒకటే మనవి. కొత్త బండి వేసినా, పాత బండి వేళ మార్చినా, ముందు ఆ ఊళ్లో ఆఫీసు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో కనుక్కోండి. పదింటిలోపు జనాన్ని దించి, ఐదు దాటాక ఎక్కించుకునే బండి రానంతవరకు, దుద్దెడ స్టేషన్‌ను ప్రారంభోత్సవాల పద్దు కింద రాసుకోండి. రవాణా పద్దులో మాత్రం చూపకండి.