నీళ్ళంటే గిట్టని డైవరు

ఇంగ్లండులో పాత గడియారాల సంత జరిగే హాల్లోకి వెళితే మిలిటరీ గడియారాలు సేకరించే ఈయన్ని పోల్చుకోవడం తేలిక. మిగతావాళ్ళు గడియారం ముఖం చూసి బేరానికి దిగుతారు. ఈయన ముందు దాన్ని బోర్లా తిప్పుతాడు. కంటికి భూతద్దం బిగించి, వెనక మూత మీద చెక్కిన అంకెల్ని కూడబలుక్కుంటాడు. 0552 ఉంటే నౌకాదళం, డబ్ల్యూ10 ఉంటే సైన్యం. పక్కనున్న బాణం గుర్తు సర్కారు సొత్తని చెబుతుంది. అదే బాణాన్ని ఒకప్పుడు అక్కడి ఖైదీల బట్టల మీదా వేసేవారు. ఆ ఊసెత్తితే ఈయనకు గిట్టదు.

1970లలో బ్రిటిష్ నౌకాదళం తన డైవర్లకిచ్చిన రోలెక్స్ సబ్‌మరీనర్ ఈయన ఇలవేల్పు. పిన్ను ఊడి గడియారం సముద్రంపాలు కాకుండా పట్టీ కడ్డీల్ని కేసుకే అతికించేశారు. అంచేత దానికి గుడ్డపట్టీ తప్ప మరోటి పట్టదు. మన దగ్గర ఇల్లొచ్చే డబ్బు పోసి కొని, నైలాను పీలికతో కట్టుకు తిరుగుతాడు మహానుభావుడు.

డయల్ మీద సున్నా చుట్టిన టీ అక్షరం ఉంటుంది. ట్రిటియం పూశారని దానర్థం. పన్నెండేళ్ళు దాటేసరికి ట్రిటియం సత్తువ సగమైపోతుంది. ఇప్పటికి ఆ ముళ్ళు వెలగడం మానేసి ఎన్నేళ్ళయిందో! చీకట్లో కనిపించడానికి పూసిన పూత చీకట్లో కనిపించకపోతేనే ఈయనకు నమ్మకం. వెలిగిందా, ఎవరో కొత్తగా పూశారన్నమాట. గడియారాన్ని అంటరానిదాన్ని చేసి పక్కకు నెట్టేస్తాడు. గీతల సంగతీ అంతే. నావికుడు గీరితే చరిత్ర, ఇంట్లో పిల్లాడు గీరితే ప్రళయం.

200 మీటర్ల లోతుకని చేసిన ఆ యంత్రం, చినుకు పడగానే కోటు చేతిలోకి దూరిపోతుంది. అందులో తప్పు లేదు లెండి, అన్నేళ్ళ నాటి సీళ్ళని ఎవరు మాత్రం నమ్ముతారు?

ఎక్కడైనా రిటైరైన నేవీ డైవరు కనబడ్డాడా, ఇక వదలడు. అప్పట్లో ఎలా ఉండేది, చేతికి కట్టుకుంటే ఏమనిపించేది అని ప్రాణం తీస్తాడు.

"అది స్టోర్సుది నాయనా. సంతకం పెట్టి తీసుకున్నాం, పనయ్యాక తిరిగిచ్చేశాం," అంటాడు ముసలాయన టీ చప్పరిస్తూ.

ఈయన కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు.

"ఆ ముక్కే కాగితం మీద రాసిస్తారా? వెనకున్న నంబరు నేను చెబుతా."